అమ్మకు చివరి నెలలు, కూతురికి కొత్త షాపు: ఒక పాలియేటివ్ కేస్ స్టడీ

ఆసుపత్రి నుంచి మాకు వచ్చిన రిఫరల్ కాగితం మీద ఉన్నవి మూడే ముక్కలు. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది. కీమోతో ఇక పెద్దగా లాభం ఉండదు. ఇంటి దగ్గర నొప్పి, పొట్టలో నీరు చూసుకోవాలి. అడుగున వార్డు సిస్టర్ ఇంకో మాట చేర్చింది: "కూతురు ఊరికే ఏడుస్తా ఉంది, కౌన్సెలింగ్ కావాలి."

కన్నతల్లి ఇక ఎక్కువ కాలం ఉండదని విన్న కూతురు ఏడిస్తే అందులో వింతేముంది? అలాంటి రిఫరల్స్ మాకు చాలా వస్తాయి, సగానికి సగం మామూలు దుఃఖమే. ఈ కేసు అలా కాదు. ఈమె అమ్మ గురించి ఎంత ఏడుస్తోందో, అమ్మకు చెప్పకుండా దాచిన విషయం గురించి అంత ఏడుస్తోంది. అది తేలడానికి కొన్ని వారాలు పట్టింది.

తిరుపతి చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి చూసే పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) బృందంలో నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని. కూతురు ఈ రాతను చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. పేర్లు రాయలేదు. ఊరు, వృత్తి, చుట్టరికాల్లో గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వైద్యం, మాటలు మాత్రం జరిగినవే.

ఇంటి పరిస్థితి

తల్లికి 61 ఏళ్ళు. చంద్రగిరి దగ్గర పల్లె. భర్త పోయి చాలా ఏళ్ళయింది. తెల్లారకముందే తిరుపతి పోయి విడిపూలు తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని మాలలు కట్టి, మూరల లెక్కన అమ్మి ఇద్దరు పిల్లల్ని చదివించింది. కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తాడు, అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

జబ్బు కథ ఈ క్యాన్సర్‌లో ఎప్పుడూ వినేదే. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తింటే నిండిపోయినట్టుండటం. నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగింది. స్కాన్ చేసేసరికి మూడో దశ. ఆపరేషన్, కార్బోప్లాటిన్-పాక్లిటాక్సెల్ కీమో ఆరు సైకిళ్ళు ఆరోగ్యశ్రీ కింద (ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) జరిగిపోయాయి. కీమో అయిన ఆరు నెలల లోపే మళ్ళీ నీరు చేరింది. అంత తొందరగా తిరగబెడితే కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు ఇక సరిగా పనిచెయ్యవు. వేరే మందు వారం వారం ఇవ్వొచ్చు గానీ, అలాంటి వాటికి గడ్డ తగ్గేది వందలో పదిపదిహేను మందికే. ఆ మాట క్యాన్సర్ డాక్టరు దాచకుండా చెప్పారు. ఎంత కాలం అని కూతురు అడిగితే "నెలల లెక్కే, ఏడాది అనుకోవద్దు" అన్నారట.

కూతురికి 38. పెళ్ళయ్యాక బెంగళూరు. ఉగాదికి ముందు తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పరస్పర అంగీకారంతో విడాకులకు హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషన్ అప్పటికే పడింది. పిటిషన్ వేశాక ఆగాలని చట్టం పెట్టిన ఆరు నెలల గడువు నడుస్తోంది. అమ్మతో మాత్రం "ఆయన ప్రాజెక్టు మీద విదేశాలకు పోయినాడు, నిన్ను చూసుకుందామని నేను వచ్చినా" అని చెప్పింది. నిజం తెలిసింది తమ్ముడికీ, చిన్నమ్మకీ మాత్రమే.

వచ్చిన నెలలోనే గొలుసు తాకట్టు పెట్టి తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న గది అద్దెకు తీసుకుంది. మగ్గం వర్క్ బ్లౌజుల షాపు. రెండు మగ్గాలు, సాయానికి ఒక అమ్మాయి. ఈ వ్యాపారం తెలియని వాళ్ళ కోసం ఒక మాట. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అది ఆర్డర్లు పట్టే నెల. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతాలూ పెళ్ళిళ్ళూ కలిసి రాత్రింబవళ్ళు పనే. కొత్త షాపు నిలబడుతుందా లేదా అనేది ఆ ఒక్క సీజన్‌లో తేలిపోతుంది. గంగమ్మ జాతర అయిన కొద్ది రోజులకు మాకు రిఫరల్ వచ్చింది. డాక్టరు చెప్పిన లెక్కను క్యాలెండర్ మీద పెట్టి చూస్తే అమ్మ పరిస్థితి దిగజారేది సరిగ్గా శ్రావణానికే. ఈ సంగతి నేను ఎత్తకముందే కూతురికి తెలుసు. "మేడం, నేను ఆర్డర్లు తీసుకునేదా వద్దా అని ఎవర్ని అడగాల?" అంది. తల్లి మంచం పక్కన కూర్చుని షాపు గురించి ఆలోచిస్తున్నందుకు సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్న అది.

ముందు నొప్పి

మేం వెళ్ళేసరికి తల్లి రోజులో ఎక్కువ సేపు మంచం మీదే ఉంటోంది. కడుపు, నడుము నొప్పి పదికి ఎనిమిది. ట్రమడాల్ బిళ్ళ ఓర్చుకోలేనప్పుడు మాత్రం వేసుకుంటోంది, "ఊరికే మందు మింగితే ఒంటికి చెరుపు" అని. ఆ పద్ధతిలో నొప్పి ఎప్పుడూ మనకంటే ఒక అడుగు ముందే ఉంటుంది.

డాక్టరు మార్ఫిన్ బిళ్ళలు మొదలుపెట్టారు. 5 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి, గడియారం చూసి: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. పడుకునేటప్పటి మోతాదు రెట్టింపు. అర్ధరాత్రి లేపి మందు వెయ్యాల్సిన పని ఉండదు. దాంతోపాటు తప్పనిసరిగా విరేచనం మందు. మార్ఫిన్ రాసి విరేచనం మందు రాయకపోతే వారం తిరక్కుండా రోగి "నొప్పే నయం" అంటుంది.

ఆ సాయంత్రమే చెన్నై నుంచి కొడుకు ఫోన్. "మార్ఫినా? అంటే ఇంక అయిపోయినట్టేనా?" ఈ భయం ప్రతి ఇంట్లో ఉంటుంది. మార్ఫిన్ ప్రాణం తీసే మందనీ, చివరి గంటల్లో ఇచ్చేదనీ జనం నమ్మకం. నొప్పికి తగిన మోతాదులో, నోటి ద్వారా, టైము ప్రకారం ఇస్తే మనిషి లేచి కూర్చుని మాట్లాడగలుగుతుంది, నెలల తరబడి వాడొచ్చు అని అతనికి డాక్టరు చెప్పారు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఈ మందు పెట్టుకోవడం తేలికైంది. అంతకుముందు లైసెన్సుల గొడవకే చాలా చోట్ల దొరికేది కాదు.

నాలుగు రోజులకు నొప్పి మూడుకు దిగింది. పొట్టలో నీరు తీయించాక ఊపిరి కూడా సులువైంది. నా పని మొదలైంది అప్పుడే. నొప్పి ఎనిమిది మీదున్న మనిషిని "మనసులో ఏముందో చెప్పండి" అని అడగడం నాకు సబబుగా అనిపించదు.

ఇంకో బాధ ఉంది, దానికి మార్ఫిన్ పెద్దగా పనిచెయ్యలేదు. పాక్లిటాక్సెల్ వల్ల ఆమె వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఒకరోజు చిన్నమ్మ తెచ్చిన మల్లెమొగ్గలు ఒడిలో పోసుకుని కట్టబోయింది. దారం వేలి మీద ఎక్కడుందో తెలియడం లేదు. కళ్ళతో చూసుకుంటూ ముడి వేస్తే మొగ్గ జారిపోతోంది. గట్టిగా లాగితే తొడిమ తెగిపోతోంది. నలభై ఏళ్ళు చీకట్లో కూడా కట్టిన చేతులవి. నాలుగు మొగ్గలు తెగాక పక్కన పెట్టేసి, "నా పని అయిపోయిండాది మా" అంది. స్కాన్ రిపోర్టులు చెప్పినది ఆమె ఆ దారంలో చదువుకుంది.

ఇద్దరి దగ్గరా రెండు మూటలు

ఆ మాట పట్టుకుని అడిగాను. "అంటే ఎట్లా అనిపిస్తోంది పెద్దమ్మా?" కూతురు మందుల షాపుకు వెళ్ళింది. తల్లి గుమ్మం వైపు ఒకసారి చూసి చెప్పడం మొదలుపెట్టింది. ఇది తగ్గే జబ్బు కాదని రెండోసారి నీళ్ళు తీసినప్పుడే తెలిసిపోయిందట. పాపకు తెలిస్తే తట్టుకోలేదని నోరెత్తలేదట. ఆ తర్వాత గొంతు తగ్గించి: "అల్లుడు బయట దేశం పోయినాడంట. పోయినోడు ఫోన్లో బిడ్డతో అయినా మాట్లాడడా? పిల్లోడి టీసీ తెచ్చి ఈడ బడిలో చేర్చింది. ప్రాజెక్టుకు పోయినోడి కొడుక్కి టీసీ ఎందుకు మా? నాకు తెలీదా?" ఆఖరున, "నువ్వు పాపకు చెప్పొద్దు" అంది.

తర్వాతి వారం కూతురు బస్టాపు దాకా నాతో నడుస్తూ దాదాపు అదే మాట అంది. అమ్మకు జబ్బు సంగతీ తెలియదు, నా సంగతీ తెలియదు, మీరు చెప్పొద్దు.

అలా ఇద్దరి రహస్యాలూ నా దగ్గరికి చేరాయి. ఇలాంటప్పుడు మనలో చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి "మీకు తెలుసు, ఆమెకూ తెలుసు" అనేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. రోగి నమ్మి చెప్పిన మాట రోగిది. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఏ గొంతుతో చెప్పాలన్నది కూడా ఆమె ఇష్టమే. మధ్యవర్తి మోసుకెళ్ళిన నిజం, ఎంత మంచి ఉద్దేశంతో మోసినా, చాడీలా వినిపిస్తుంది.

ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యకుండా ఇద్దరితోనూ విడివిడిగా పనిచేశాను. కూతురిని అడిగింది: "అమ్మే మిమ్మల్ని నేరుగా అడిగితే ఏం చెప్తారు?" మొదట అబద్ధమే చెప్తానంది. ఇంకో రోజు, అబద్ధం చెప్పడానికి ఓపిక లేదంది. తల్లిని అడిగింది: "పాప గురించి మీకున్న బెంగ పాపకు తెలియాలనుందా?" ఆమె చాలాసేపు ఊరుకుని, "షాపు గురించి అడగాలని ఉంది" అంది. పెళ్ళి గురించి కాదు, షాపు గురించి. ఆ జవాబు నాకు కొంత ఆశ్చర్యమే.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నప్పుడు నేను లేను. రాత్రి పది గంటల బిళ్ళ వేసేటప్పుడు తల్లే అడిగిందట: "కోర్టు ఎప్పుడు?" కూతురు చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందట. అంతా చెప్పాక తల్లి ఓదార్చలేదు. కోప్పడింది. విడాకులకు కాదు, చిన్నమ్మకు ముందు చెప్పి తనకు చివర చెప్పినందుకు. మర్నాడంతా కూతురితో మాట్లాడలేదు, జావ కూడా చిన్నమ్మ చేతే తాగింది. కూతురు ఫోన్ చేసి "చెప్పమన్నట్టే మాట్లాడి ఇంత చేసినారు మేడం" అని నా మీద విసుక్కుంది. నేను వాదించలేదు. చావు దగ్గరపడ్డ మనిషికి కూడా అలిగే హక్కు ఉంటుంది. తల్లి అలిగిందంటే ఇంకా తల్లిగానే ఉందని అర్థం. మూడో రోజు మామూలయ్యారు.

షాపు మూయాలా?

ఆషాఢంలో కొడుకు సెలవు పెట్టి వచ్చినప్పుడు ఇంట్లో అందరం కూర్చున్నాం. అతను రెండు మాటలతో వచ్చాడు. ఒకటి, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇంకో కీమో మొదలుపెడదాం. రెండోది, అక్క షాపు మూసేసి అమ్మ దగ్గరుండాలి, అద్దె అడ్వాన్స్ నష్టం తాను భరిస్తాడు.

మొదటి దానికి తల్లే జవాబు చెప్పింది. డాక్టరు అంకెలు దాచకుండా వివరించాక, "ఆ పదిమందిలో నేనుంటే ఏమవుతుంది?" అని అడిగింది. కొన్ని నెలలు కలిసిరావొచ్చు, మళ్ళీ జుట్టు ఊడొచ్చు, వేళ్ళ తిమ్మిరి పెరగొచ్చు అన్నారు. "వద్దు నాయనా" అంది. కొడుకు బయటకు వెళ్ళి పశువుల కొట్టం దగ్గర నిలబడ్డాడు. అతని మీద నాకు కోపం లేదు. దూరాన ఉండే పిల్లలు వైద్యం గురించే గట్టిగా పట్టుబడతారు. రోజూ దగ్గరుండి చెయ్యలేనివాడికి చెయ్యడానికి మిగిలేది అదే.

రెండో మాట దగ్గర ఇల్లంతా అతని వైపే ఉంది. చిన్నమ్మతో సహా. "అమ్మ పోతే మళ్ళీ వస్తుందా? షాపు మళ్ళీ పెట్టుకోవచ్చు." వినడానికి తిరుగులేని మాట. అదే సమయంలో కూతురికి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టీ) స్కోరు 13 వచ్చి ఉంది, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. చచ్చిపోవాలన్న ఆలోచన గురించిన ప్రశ్నకు సున్నా. నిద్ర, ఓపిక, తనమీద తనకు చులకన, వీటన్నిటికీ ఎక్కువ మార్కులు. వారంలో ఆమె కాస్త కుదురుగా కనిపించేది షాపు నుంచి వచ్చిన సాయంత్రాల్లోనే. ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో అమ్మ దగ్గినా ఉలిక్కిపడేది, రాత్రి అన్నం తినేది కాదు.

1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు దుఃఖం గురించి చెప్పిన నమూనా ఒకటుంది. పోయినదాని వైపు కాసేపు, బతుకు మళ్ళీ కట్టుకునే పనుల వైపు కాసేపు మనిషి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుందని, ఆ తిరగడమే నిలబెడుతుందని దాని సారం. వాళ్ళు చెప్పింది ఆత్మీయులు పోయినవాళ్ళ గురించి. మన ఇళ్ళల్లో పోకముందే ఆ తిరుగుడు మొదలవుతుందని నా అనుభవం. ఈమెకైతే ఒకేసారి రెండు నష్టాలు. తల్లి గురించి ఏడిస్తే ఊరంతా వచ్చి కూర్చుంటుంది. పెళ్ళి పోయినందుకు ఏడిస్తే "సర్దుకుని ఉండాల్సింది" అంటారు. షాపు మూయిస్తే ఆ రెండో దుఃఖానికి ఉన్న ఒకే ఒక్క ఆసరా పోతుంది. అందుకే ఆ సమావేశంలో నేను సామాన్యంగా చెయ్యని పని చేశాను, ఒక పక్షం తీసుకుని మాట్లాడాను: షాపు మూయడం వైద్యపరంగా కూడా మంచిది కాదని.

దాన్ని గెలిపించింది మాత్రం నా వాదన కాదు, తల్లి పింఛను. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికి తెచ్చిచ్చే 4,000 రూపాయల వితంతు పింఛను. "ఆ దుడ్లు పక్కింటామెకు ఇయ్యండి, పగలు నా దగ్గర కూర్చుంటుంది. పాప షాపుకు పోనీ. నేను చచ్చినాక ఇది ఏం తిని బతకాల?" అంది. అన్నేళ్ళు పూలమ్మిన మనిషి, సీజన్ అంటే ఏమిటో ఆ గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

కాగితం మీద టైం పెట్టుకున్నాం. పొద్దున ఆరు, పది గంటల మందులు కూతురివి. పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా షాపు. మధ్యాహ్నం రెండు గంటల బిళ్ళ పక్కింటామె వేసి ఫోన్లో మిస్డ్ కాల్ ఇస్తుంది. వారంలో రెండు రాత్రులు చిన్నమ్మ పడుకుంటుంది, ఆ రాత్రులు కూతురు వేరే గదిలో నిద్రపోవాలి. కొడుకు ప్రతి ఆదివారం రావాలి, వచ్చినప్పుడు అమ్మకు స్నానం చేయించే దగ్గర సాయం అతనిదే. అతను మొదట జంకాడు. తర్వాత తర్వాత ఆదివారం ఆలస్యమైతే తల్లే దారి చూసేది. చిన్న మగ్గం ఒకటి ఇంటికి తెచ్చి తల్లి మంచం పక్కన పెట్టుకుంది కూతురు. రాత్రిపూట జర్దోసి కుడుతుంటే తల్లి పడుకునే చూసేది. "ఆ చిలక కన్ను వంకర పోయింది, విప్పు" అని ఒకరోజు విప్పించింది కూడా.

అన్నీ సవ్యంగా సాగలేదు. ఇంటికి కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె క్యాన్సర్ అంటుతుందేమోనని బట్ట వెనక్కి తీసుకుంది. రెండుసార్లు రెండు గంటల బిళ్ళ తప్పిపోయింది. అయినా పీహెచ్‌క్యూ శ్రావణం మొదలయ్యేసరికి 9కి దిగింది. డిప్రెషన్‌కు మందులు వాడలేదు.

పిల్లవాడి గురించి రెండు మాటలు. "అవ్వ ఎప్పుడు లేస్తుంది?" అని అడుగుతుంటే ఇంట్లోవాళ్ళు "పండక్కి" అని చెబుతున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లలకు చావు అంటే తెలుసు. నిద్రపోయింది, ఊరెళ్ళింది లాంటి మాటలు చెబితే తర్వాత నిద్రకే భయపడతారు. జబ్బు పేరు, తగ్గదన్న సంగతి, అవ్వ చనిపోతుందన్న మాట కూతురే చెప్పింది. వాడు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "నాన్నకు తెలుసా?"

నాకూ వస్తుందా?

ఈ ప్రశ్న కూతురు చాలా ఆలస్యంగా అడిగింది, అదీ డాక్టర్ని కాదు, నన్ను. ఇలాంటి అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ బీఆర్‌సీఏ (మార్పు వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యువులు) పరీక్ష చెయ్యాలన్నది ఇప్పటి వైద్యనియమం. పాత ఫైల్లో ఆ పరీక్ష లేదు. తోటివాళ్ళు ఈ భాగాన్ని ప్రత్యేకంగా చదవాలని కోరిక, ఎందుకంటే దీనికి గడువుంది. ముందు పరీక్షించాల్సింది జబ్బు వచ్చిన మనిషిని. ఆమెలో మార్పు దొరికితేనే పిల్లల పరీక్షకు స్పష్టమైన అర్థం ఉంటుంది. ఆమె పోయాక ఆ అవకాశం చాలావరకు పోతుంది. పాలియేటివ్ కేర్ అనగానే ఇక రక్తపరీక్షలు ఎందుకని మనమే కొట్టిపారేస్తాం.

తల్లిలో మార్పు ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, ఆడైనా మగైనా. మామూలు ఆడమనిషికి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ఒకటి చుట్టుపక్కల ఉంటుంది. బీఆర్‌సీఏ-1 మార్పు ఉంటే నలభై దాకా పోతుంది, రొమ్ము క్యాన్సర్ ముప్పు అంతకంటే ఎక్కువ. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన స్క్రీనింగ్ లేదు. అందుకే పిల్లలు కనడం అయిపోయిన బీఆర్‌సీఏ-1 వాళ్ళకు 35-40 ఏళ్ళ మధ్య అండాశయాలూ అండవాహికలూ తీయించుకోమని సలహా ఇస్తారు. ఈమెకు 38.

తల్లికి డాక్టరు వివరిస్తే చెయ్యి చాపి "పాపకు పనికొస్తే ఎంత కావాలో అంత తీసుకోండి" అంది. సమ్మతి పత్రంలో ఒక గడి గురించి నేను పట్టుబట్టాను: ఫలితం వచ్చేసరికి రోగి లేకపోతే ఎవరికి చెప్పాలి? కూతురికి అని రాయించింది, వేలిముద్ర వేసింది. సంతకం చెయ్యడం వచ్చు, కలం మాత్రం పట్టు దొరకలేదు.

ఫలితం శ్రావణంలో వచ్చింది. కూతురికి ఫోన్ చేసి వచ్చిందని మాత్రం చెప్పాం. "ఇప్పుడొద్దు మేడం. ఆర్డర్లు, కోర్టు, అమ్మ. నాలుగోది మోయలేను" అంది. కవరు ఫైల్లోనే ఉంచాం. తెలుసుకోకుండా ఉండే హక్కు కొన్ని వారాలు వాడుకుంటే వచ్చే నష్టం ఏమీ లేదని డాక్టరు అన్నారు. తల్లి ఒకసారి అడిగింది. పాప తర్వాత తెలుసుకుంటానందని చెప్పాం, మళ్ళీ అడగలేదు.

శ్రావణం, భాద్రపదం

రెండో విచారణ తేదీ వరలక్ష్మీ వ్రతం తర్వాతి వారం పడింది. రాత్రి బస్సుకు బెంగళూరు పోయి, పొద్దున కోర్టులో సంతకాలు పెట్టి, సాయంత్రం బస్సెక్కి అర్ధరాత్రికి తిరిగొచ్చింది. ఆ రోజు చిన్నమ్మ, కొడుకు ఇద్దరూ తల్లి దగ్గరున్నారు. అక్క వెంట రావాలా అని అతనే అడిగాడట, ఆమె వద్దంది. తల్లి మేలుకునే ఉందట. "అయిపోయిందా?" "అయిపోయింది." "అన్నం తిన్నావా?" అంతే.

ఆ తర్వాత పేగు అడ్డుపడింది. ఈ జబ్బులో చివర్న తరచుగా జరిగేదే. వాంతులు, పొట్ట బిగుసుకోవడం. ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకునే స్థితి లేదు. విరేచనం మందు ఆపి, బిళ్ళల బదులు చర్మం కింద సన్నటి బటర్‌ఫ్లై సూది పెట్టి నొప్పికి మార్ఫిన్, వాంతులకు హాలోపెరిడాల్, వాపుకు డెక్సామెథసోన్, కడుపు మెలితిప్పుడుకు హయోసిన్ ఇచ్చాం. నర్సు దగ్గరుండి కూతురికి మందు ఎక్కించడం నేర్పింది. దారాలూ పూసలూ సూదులూ వాడే చెయ్యి, ఒక్కసారికే వచ్చేసింది.

అసలు గొడవ సెలైన్ దగ్గర. నోటికి ఏమీ పోవడం లేదు, ఆకలితో చంపుతున్నారా అని చుట్టాలు. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన బాటిల్ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ దశలో ఒళ్ళు నీటిని వాడుకోలేదు, ఎక్కించింది పొట్టలోకీ కాళ్ళలోకీ చేరుతుంది, గొంతులో గురక పెరుగుతుంది. ఇదంతా కూతురికి ముందే చెప్పి ఉంచాం. ఆయన్ను ఆమే వెనక్కి పంపింది. పెదాలకు తడిబట్ట, చెంచాడు కొబ్బరినీళ్ళు, నోరు శుభ్రంగా ఉంచడం, ఇవే చేసింది. "సెలైన్ పెట్టనియ్యలేదు" అన్న మాట ఆమె వెనక ఇప్పటికీ నడుస్తోంది. దీనికి నా దగ్గర మందు లేదు.

భాద్రపదంలో ఒక తెల్లవారుజామున తల్లి ఇంట్లోనే పోయింది. నొప్పి చివరి వారంలో రెండుకు పైకి పోలేదు. కొడుకు తలకొరివి పెట్టాడు.

ఆ తర్వాత

మైల గురించి ఒక చర్చ జరిగింది, రాయకుండా ఉండలేను. పెళ్ళయిన ఆడపిల్లకు తల్లి మైల మూడు రోజులే అన్నారు ఒక వైపు. విడాకులైంది కాబట్టి పుట్టింటి మనిషే, మొత్తం రోజులూ పట్టాలన్నారు ఇంకో వైపు. ఆమె ఏ ఇంటి మనిషో తేల్చడానికి పెద్దలు ఒక పూటంతా కూర్చున్నారు. ఆమె వింటూ, సహాయకురాలికి ఫోన్లో ఏ బ్లౌజు ఎవరికివ్వాలో మెసేజీలు పెడుతోంది. కర్మలన్నీ అయ్యేదాకా ఇంట్లోనే ఉంది, షాపు తాళం మాత్రం వెయ్యనివ్వలేదు.

చావు తర్వాత కూడా మేం ఇంటికి వెళ్తాం, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆరు వారాల తర్వాత పీహెచ్‌క్యూ 11. ముందటి కంటే కాస్త పెరిగింది, అది పెరగాల్సిందే. నిద్ర సరిగా లేదు, పని చేస్తోంది, కొడుకును బడికి పంపుతోంది. రాత్రి పదింటికి మెలకువ వస్తోందట, మందు టైమని. మార్ఫిన్ మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నాం.

దసరా ఆర్డర్లు అయ్యాక తనే ఫోన్ చేసి కవరు గురించి అడిగింది. తల్లిలో బీఆర్‌సీఏ-1 మార్పు ఉంది. డాక్టరు గదిలో విని, తన రక్తం అప్పుడే ఇచ్చి వెళ్ళింది. ఆ ఫలితం ఇంకా రాలేదు. తమ్ముడికి చెప్పే పని తనే తీసుకుంది, చెప్పింది. మగవాడికి అండాశయాలు ఎక్కడివని అతను నవ్వేశాడట. అతనిలో మార్పు ఉంటే ఇద్దరు ఆడపిల్లలకూ పోవచ్చునని వివరించడానికి డాక్టరుతో వీడియో కాల్ పెట్టించాం, మొదటిసారి అతను ఎత్తలేదు. వచ్చే నెల తల్లి మాసికానికి ఊరికి వస్తున్నాడు, అప్పుడు ఎదురుగా మాట్లాడతాం. అందాకా ఈ ఫైలు తెరిచే ఉంటుంది.